మా తోట దారిలో ఎండిన తాడిచెట్టు: ఉంచాలా, కొట్టించాలా?

కాలువగట్టు (రాజోలు వైపు)
మా తాతగారి కొబ్బరితోటలో పంటకాలువ నుంచి గోదావరి ఏటిగట్టు దాకా పాత బండిదారి ఉంది. మధ్యమధ్యలో పనస, నేరేడు, కానుగ. చివర తాడిచెట్ల వరుస. రెండేళ్ల కిందట పిడుగు పడి అందులో ఒకటి మోడైపోయింది. కొట్టిద్దామని మనిషిని పిలిచేసరికి పైన తొర్రలోంచి రామచిలుక తల బయటపెట్టింది. పని ఆపించేశాను. మీ తోటల్లో ఏం చేస్తున్నారండీ?

పాలకొల్లు పిట్టలు
దయచేసి ఉంచండి. చిలుక ఎక్కువగా వడ్రంగిపిట్ట వదిలేసిన తొర్రనే పెద్దది చేసుకుంటుంది. గోరింకకీ తొర్రే కావాలి. తల విరిగిన తాటిమోడంటే పాలపిట్టకి మరీ ఇష్టం. మా చేలగట్టు మీద అలాంటి మోడు కొట్టేశాక పాలపిట్ట మళ్లీ కనబడలేదు, ఇప్పటికీ బాధే. 2018లో రామచిలుకని రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్నాం. దానికి గూడు కూడా ఉండాలి కదా.

అంబాజీపేట రైతు
నా భయం కొమ్ముపురుగు. కుళ్లిన మొద్దుల్లో, పెంటకుప్పల్లో గుడ్లు పెడుతుంది. రెక్కలొచ్చాక కొబ్బరి మొవ్వు తొలిచేస్తుంది. విచ్చిన ఆకు విసనకర్రని కత్తిరించినట్టు కనబడితే అది దాని పనే. పడిపోయిన మొద్దుల్ని రెండు వానాకాలాలు వదిలేసి నాలుగు లేతమొక్కలు పోగొట్టుకున్నాను.

ముమ్మిడివరం టీచర్
ఇద్దరి మాటా నిజమేనండి. మేం నిలబడ్డ మోడు ఉంచుతాం, నేలమీద పడ్డదాన్ని వెంటనే చీల్చి పొయ్యిలో పెడతాం. పెంటకుప్పలో మెటారైజియం బూజు కలిపితే పురుగు పిల్లలు చస్తాయి. మొవ్వులో కన్నం కనబడితే ఇనప కొక్కెంతో పురుగుని లాగేస్తాం. గాలివాన రోజుల్లో మాత్రం మోడు కిందికి ఎవర్నీ పోనివ్వకండి.

ఇంకో మాట. బతికున్న తాడిచెట్లకి వేలాడే ఎండాకులు కూడా కోయించకండి. ఆ ఆకు అడుగున ఈకల్ని ఉమ్మితో అతికించి గూడు కట్టే చిన్న పిట్ట ఒకటుంది. కొడవలి లాంటి రెక్కలు, ఎగురుతూనే పురుగుల్ని పట్టుకుంటుంది. తాడిచెట్టు లేకపోతే మన వైపు దానికి ఇల్లే లేదనుకోండి.

లంక రైతుబిడ్డ
మోడు మొదట్లో జెర్రిపోతు కనబడితే కొట్టకండి. విషం లేదు, కొబ్బరికాయలు కొరికే ఎలుకల్ని తింటుంది.

కాలువగట్టు
అందరికీ చాలా థాంక్స్ అండీ. మోడు పక్కన లేతమొక్కల్లేవు, అదొక ధైర్యం. పడున్న కొబ్బరి మొద్దులు మూడూ రేపు చీల్పిస్తున్నాను. నిన్న సాయంత్రం ఎండాకుల కింద నిలబడి చూశాను. టీచర్‌గారూ, మీరన్న కొడవలి రెక్కలవి పదికి పైనే తిరిగాయి.