పద్నాలుగు గంటల విమానంలో ఏ సీటు తీసుకోవాలి?

ఆరడుగులు

వచ్చే నెలలో మా అమ్మగారితో కలిసి, మధ్యలో ఎక్కడా దిగకుండా పద్నాలుగు గంటలు సాగే విమానంలో ప్రయాణం చేయవలసి ఉంది. టికెట్లు ఎకానమీలో తీసుకున్నాను. విమానం బోయింగ్ 777-300ఈఆర్ అనీ, సీట్లు మూడు, నాలుగు, మూడు చొప్పున వరసకు పది ఉంటాయనీ బుకింగ్‌లో కనిపిస్తోంది. నాది ఆరడుగులకు పైబడిన ఎత్తు కావడంతో రెండు గంటల ప్రయాణంలోనే మోకాళ్ళు ముందు సీటుకు ఒరుసుకుపోతాయి. అమ్మగారికి డెబ్బై దాటాయి. ఆవిడ మెల్లగా నడవగలరు గాని రాత్రివేళ రెండు మూడుసార్లయినా లేవవలసి వస్తుంది. పైగా పక్కవాళ్ళను నిద్ర లేపడానికి మొహమాటపడి గంటల తరబడి ఓర్చుకుని కూర్చునే మనిషి.

ఎగ్జిట్ వరసకూ, క్యాబిన్ మొదట్లో గోడ ఎదురుగా ఉన్న వరసకూ అదనపు రుసుము అడుగుతున్నారు. ఆ డబ్బు పెట్టడం సబబేనా? మరోవైపు, అన్నిటికన్నా వెనక మూడు వరసల్లో కిటికీల పక్కన మూడేసి కాకుండా రెండేసి సీట్లే ఉన్నట్టు పటంలో కనిపిస్తోంది. వాటికి అదనంగా ఏమీ కట్టనక్కరలేదు. మా ఇద్దరికీ అవే సరిపోతాయనిపిస్తున్నా, అంత మంచివైతే ఇంతవరకూ ఎవరూ తీసుకోకుండా ఎందుకు మిగిలాయన్న అనుమానం పీడిస్తోంది. రెక్క మీద బాగుంటుందని ఒకరు, ముందు వరసలే మేలని ఇంకొకరు చెబుతున్నారు గాని కారణం అడిగితే ఎవరూ చెప్పడం లేదు. తెలిసినవారు కారణాలతో సహా వివరించగలరని ఆశిస్తున్నాను.

వరస42

ఎగ్జిట్ వరస సంగతి ముందు తేల్చేసుకుంటే మిగతాది తేలికవుతుంది. ఆ వరసలో కూర్చున్నవారు అత్యవసర సమయంలో సిబ్బంది చెప్పగానే తలుపు తీయడానికో, ఇతరులను బయటికి పంపడానికో తోడ్పడగలిగి ఉండాలి. అందువల్లనే చిన్నపిల్లలకూ, గర్భిణులకూ, నడకలో సాయం కావలసినవారికీ ఆ సీట్లు ఇవ్వరు. విమానాశ్రయంలో అమ్మగారికి వీల్‌చెయిర్ కావాలని టికెట్‌లో రాయించి ఉంటే, మీరు రుసుము కట్టి ఆ సీటు తీసుకున్నా గేటు దగ్గరో, లోపలికి వెళ్ళాకో మార్చేస్తారు. మీరు అక్కడా, ఆవిడ ఇంకెక్కడో కూర్చోవడం మీ ఉద్దేశం కాదనుకుంటున్నాను.

మీ ఒక్కరి కోసమే ఆలోచించినా ఆ సీటు పటంలో కనిపించినంత గొప్పదేమీ కాదు. ఎదురుగా సీటు ఉండదు కనుక భోజనం బల్లనూ, చాలా విమానాల్లో టీవీ తెరనూ ఆర్మ్‌రెస్ట్‌లోంచి పైకి లాగి తెరుచుకోవాలి. ఈ సరంజామా అంతా ఇమడడానికి ఆర్మ్‌రెస్ట్ అడుగుదాకా మూసుకుపోయి ఉంటుంది, పైకి లేవదు, తుంటి దగ్గర సీటు ఆ మేరకు ఇరుకవుతుంది. పెద్ద విమానాల తలుపులకు లోపలివైపున, అత్యవసరంలో గాలి నిండి విచ్చుకునే జారుడుబల్లను మడిచి పెట్టిన పెట్టె ఒకటి ఉబ్బెత్తుగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. కిటికీ వైపు కూర్చున్నవారు చాపుకుందామనుకున్న కాలికి సరిగ్గా అదే అడ్డుపడుతుంది. తలుపు పక్కన చలి ఎక్కువ. టాయిలెట్ కోసం క్యూ కట్టేవాళ్ళు నిలబడేదీ, నిద్ర పట్టనివాళ్ళు చేతులూ నడుమూ తిప్పుతూ కసరత్తులు చేసేదీ కూడా మీ కాళ్ళ ముందున్న ఆ ఖాళీలోనే.

గోడ ఎదుటి వరస పసిపిల్లల తల్లిదండ్రులకు పనికొచ్చేది, ఎందుకంటే ఊయలతొట్టి తగిలించే ఏర్పాటు ఆ గోడకే ఉంటుంది. పొడుగు కాళ్ళవారికి అది పెద్దగా కలిసిరాదు. మామూలు వరసలోనైతే పాదాలను ముందు సీటు కిందికి జరుపుకోవచ్చు, ఇక్కడ ఎదురుగా గోడే. చేతిసంచి కూడా విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ పైన అరలో పెట్టవలసిందే.

ఇక మీరు అడిగిన ఆ వెనక వరసలు. విమానం ఒళ్ళు తోక వైపు పోనుపోను సన్నబడుతుంది కనుక 777లో చాలా సంస్థలు చివరి కొన్ని వరసల్లో పక్క సీట్లను మూడు నుంచి రెండుకు తగ్గించి, నడుమ నాలుగునూ అలాగే ఉంచుతాయి. దానివల్ల కిటికీ సీటుకూ విమానం గోడకూ మధ్య ఒక సందు మిగులుతుంది. ఆ సందులో ఒక కాలు వాలుగా చాపుకోవచ్చు, దుప్పటి, నీళ్ళసీసా పెట్టుకోవచ్చు. తల ఆనించడానికి మాత్రం గోడ కాస్త దూరమవుతుంది. అమ్మగారు నడవ పక్కన, మీరు కిటికీ పక్కన కూర్చుంటే ఆవిడ ఎవరినీ లేపనక్కరలేదు, పరాయివారెవరూ ఆవిడను దాటుకుని వెళ్ళరు, టాయిలెట్లు నాలుగడుగుల్లో ఉంటాయి. మిగిలిపోవడానికి కారణం కూడా అదే: గ్యాలీలో, అంటే సిబ్బంది భోజనాలు సిద్ధం చేసే చోట, లైటూ, సామాను చప్పుడూ రాత్రంతా ఉంటాయి, భోజనం కొన్నిసార్లు ఆలస్యంగా అందుతుంది, దిగేటప్పుడు అందరికన్నా వెనకబడతారు. దిగాక వెంటనే మరో విమానం పట్టుకోవలసి ఉంటే అవి వద్దు. లేదంటే మూడింటిలో మొదటి రెండు వరసల్లో ఏదో ఒకటి తీసుకోండి. ఆఖరు వరసలో సీటు వెనక్కి సరిగా వాలకపోవచ్చు. మొదటిదాని విషయంలోనూ ఒకటి గమనించాలి. మూడు సీట్లు రెండుగా మారేది అక్కడే కనుక దాని నడవ సీటు ముందు వరస సీటుతో వంకరగా ఉంటుంది. నడవలో వచ్చే ట్రాలీ తగలకుండా మోచేయి లోపలికి పెట్టుకోమని అమ్మగారికి చెప్పండి.

రెక్కపక్కన

పై సమాధానంలో సీట్ల అమరిక గురించి చెప్పినదంతా నిజమే గాని, డెబ్బై దాటినవారిని తోకలో కూర్చోబెట్టమనడం నాకు సమ్మతం కాదు. గాలి కుదుపులకు విమానం ముక్కూ తోకా పైకీ కిందికీ ఊగుతాయి. బరువు నిలిచే కేంద్రం రెక్కల దగ్గర ఉంటుంది కనుక, తక్కెడ కాడకు నడుమ భాగం కదలక కొసలు ఊగినట్టే, రెక్కల దగ్గర కుదుపు తక్కువగానూ తోక దగ్గర ఎక్కువగానూ తెలుస్తుంది. మోకాళ్ళు బలహీనంగా ఉన్నవారు ఊగుతున్న తోకలో లేచి నిలబడడం టాయిలెట్ దగ్గరగా ఉన్నంతమాత్రాన సులువైపోదు. చప్పుడు మాటకొస్తే, ఇంజన్లకు ముందున్న వరసలు కొంత ప్రశాంతం, వాటి వెనక రొద ఎక్కువ. కుదుపు తక్కువ, రొద తక్కువ అనే రెండూ ఒక్కచోట దొరకవు కనుక ఏది ఎక్కువ బాధిస్తుందో మీరే తేల్చుకోవాలి. రొదకు చెవుల్లో పెట్టుకునే దూదో, హెడ్‌ఫోనో ఉన్నాయి, కుదుపుకు ఏమీ లేదు. అందుకే నా ఓటు రెక్కకు.

సీటు ఎంచుకునేటప్పుడు నేను వేసుకునే లెక్క ఒక్కటే: నేను లేవాలంటే ఎంతమందిని లేపాలి, నన్ను ఎంతమంది లేపుతారు? పక్కనున్న మూడు సీట్లలో నడవ సీటు తీసుకున్నవారిని లోపలి ఇద్దరూ లేపుతారు, వారికి వేరే దారి లేదు. నడుమనున్న నాలుగు సీట్లలోనైతే లోపలి ఇద్దరికీ చెరోవైపు నడవ ఉంది కనుక, నడవ సీటువారిని సాధారణంగా లేపేది ఒక్కరే. మీ ఇద్దరూ నాలుగింటిలో ఒక కొసన పక్కపక్కనే కూర్చుంటే ఆ లేపే ఒక్కరూ మీరే అవుతారు, కొడుకు లేపితే ఏ తల్లీ విసుక్కోదు. చాలా సంస్థలు వాడే అక్షరాల పద్ధతిలో ఏ, కే కిటికీ సీట్లు, సీ, డీ, జీ, హెచ్ నడవ సీట్లు. అంకె 1తో పొరపాటు పడకుండా ఐ అక్షరాన్ని వదిలేస్తారు. మీకు కావలసింది డీ, ఈ లేదా జీ, ఎఫ్ జంట. మీ ఎత్తుకు నడుమ సీటు నరకమే అనిపిస్తే నడవకు చెరోపక్కన సీ, డీ తీసుకోండి. ఇద్దరి కాళ్ళూ కొంచెం నడవలోకి వస్తాయి, మాట్లాడుకోవడానికీ వీలుంటుంది.

వరస నంబరు కన్నా ముందు చూడవలసింది విమానం రకమని కూడా చెప్పాలి. బోయింగ్ 777 ఎకానమీని మొదట్లో చాలా సంస్థలు వరసకు తొమ్మిది సీట్లతో నడిపాయి. ఇప్పుడు అదే వెడల్పులో పది ఇరికిస్తున్నారు కనుక సీటు వెడల్పు సుమారు 17 అంగుళాలకు దిగింది. బోయింగ్ 787లో తొమ్మిది సీట్ల అమరికలోనూ దాదాపు అంతే వస్తుంది. ఎయిర్‌బస్ ఏ350లో తొమ్మిది సీట్ల వరసలో సుమారు 18 అంగుళాలు. ఏ330లో రెండు, నాలుగు, రెండు చొప్పున ఎనిమిదే సీట్లు, వెడల్పు అక్కడా 18కి అటూఇటూగా ఉంటుంది, జంటగా వెళ్ళేవారికి ఆ పక్క సీట్లకు మించినవి ఎకానమీలో లేవు. కాగితం మీద ఒక్క అంగుళం గాని, పక్కవారి భుజం మీ భుజానికి పద్నాలుగు గంటలూ తగులుతుందా లేదా అన్నది ఆ అంగుళమే నిర్ణయిస్తుంది. పైగా 787, ఏ350 విమానాల్లో లోపలి గాలి ఒత్తిడి సుమారు 6,000 అడుగుల ఎత్తున ఉన్నట్టుగా ఉంచుతారు. అంతకుముందు తరం విమానాల్లో అది 8,000 అడుగుల దాకా పోవచ్చు. పెద్దవయసువారికి ఆ తేడా అలసటలో తెలుస్తుంది. అదే దారిలో మరో రోజు ఏ350 ఉంటే తేదీ మార్చుకునే వీలుందేమో చూడండి.

కిటికీపక్షి

కిటికీ తరఫున ఎవరూ మాట్లాడలేదు కనుక నేను రెండు మాటలు చెబుతాను. నిద్ర ముఖ్యమనుకునేవారికి కిటికీకి సాటి లేదు: తల ఆనించుకోవచ్చు, వెలుతురు మన చేతిలో ఉంటుంది, ఎవరూ లేపరు. 787లో మాత్రం కిటికీకి తెర ఉండదు, బటన్ నొక్కితే అద్దమే నల్లబడుతుంది, ఆ మీట సిబ్బంది చేతిలో కూడా ఉంటుంది కనుక పగటిపూట ప్రయాణంలో మేఘాలు చూద్దామనుకుంటే నిరాశే ఎదురుకావచ్చు. కొన్ని కిటికీ సీట్లకు అసలు కిటికీయే ఉండదు, గోడలో గాలి గొట్టాలు పోయేచోట అద్దం పెట్టరు.

అయితే మీ అమ్మగారి వయసులో కిటికీ మంచిది కాదని నేనే ఒప్పుకోవలసి వస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన అధ్యయనం ప్రకారం నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుని చేసే ప్రయాణంలో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుంది. విమానంలోనే కాదు, బస్సులో, కారులో, రైలులో కూడా అంతే. మామూలు ఆరోగ్యవంతులకు ఆ ప్రమాదం సుమారు 6,000 మందిలో ఒకరికి అని ఆ సంస్థే చెప్పింది కనుక హడలిపోనక్కరలేదు. కానీ కిటికీ పక్కన ఇరుక్కున్నవారు లేవడానికి బద్ధకించడం, మొహమాటపడి నీళ్ళు తాగడం మానేయడం నిత్యం చూసేదే. మీరు వర్ణించిన స్వభావానికి నడవ సీటే మందు. ఇదివరకు కాలిలో గడ్డకట్టిన చరిత్రగాని, ఈమధ్య శస్త్రచికిత్సగాని ఉంటే బయలుదేరేముందు వైద్యుణ్ణి అడగండి.

ఆరడుగులు

ముగ్గురికీ ధన్యవాదాలు. వేరే రోజు ఏ350 ఉంది గాని తేదీ మార్చడం మాకు కుదరదు. ఎగ్జిట్ వరస ఆలోచన మానుకున్నాను. రెక్క దాటిన తరువాత నాలుగైదు వరసల వెనక, నడుమ నాలుగింటిలో డీ, ఈ తీసుకుందామనుకుంటున్నాను, అమ్మగారు డీ, నేను ఈ. ఇంకో సందేహం: ఒక సంస్థ సీట్ల మధ్య దూరం 31 అంగుళాలనీ, మరో సంస్థ 32 అనీ రాస్తున్నాయి. నా మోకాళ్ళకు ఆ తేడా నిజంగా తెలుస్తుందా?

వరస42

ఆ అంకె మోకాలికి మిగిలే జాగా కాదండీ. ఒక సీటు మీద ఒక బిందువు నుంచి ముందు సీటు మీద అదే బిందువు దాకా కొలిచిన దూరం అది, మధ్యలో సీటు వీపు మందం కూడా అందులోనే కలిసి ఉంటుంది. పలుచటి వీపున్న కొత్త సీటు 31లోనే, మందపాటి పాత సీటు 32లో ఇచ్చినంత జాగా ఇవ్వగలదు, కూర్చుంటే గట్టిగా ఉంటుందన్నది వేరే సంగతి. మీరు చూసుకోవలసింది మరొకటి ఉంది. కొన్ని విమానాల్లో టీవీ తెరలను నడిపే ఇనుప పెట్టె ముందు సీటు కింద బిగించి ఉంటుంది. అది ఉన్నచోట ఒక పాదానికే దారి దొరుకుతుంది. ఏరోలోపా వంటి సైట్లలో సంస్థలవారీగా, విమానాలవారీగా కొలతకు గీసిన పటాలుంటాయి, విమాన సంస్థ చూపే పటం కన్నా కిటికీల స్థానం, గోడలు, టాయిలెట్లు అందులో స్పష్టంగా తెలుస్తాయి. మీరు ఎంచుకున్న వరస వెనక వెంటనే గోడగాని, ఎగ్జిట్ వరసగాని లేకుండా చూసుకోండి, అలాంటిచోట సీటు వాలకపోవచ్చు.

డీ, ఈ మంచి ఎంపికే. ప్రయాణానికి వారం ముందూ, చెకిన్ తెరిచినప్పుడూ బుకింగ్ తెరిచి మీ సీట్లు అలాగే ఉన్నాయేమో చూడండి. సంస్థ ఆ రోజుకు వేరే విమానం పెడితే సీట్లు వాటంతట అవే మారిపోతాయి, ఇద్దరినీ వేరువేరు చోట్ల పడేయడమూ ఉంది. వీల్‌చెయిర్ అడిగి ఉంటే ఆ సంగతి చెప్పి పక్కపక్కన ఇప్పించమనడానికి గేటు దగ్గరికన్నా చెకిన్ కౌంటరు దగ్గర వీలెక్కువ.

అమ్మగారి సీటులో కూర్చున్నాక నడవ వైపు ఆర్మ్‌రెస్ట్ అడుగున, వెనక మడతబందు దగ్గర వేళ్ళతో తడిమి చూడండి. చాలా సీట్లకు అక్కడ చిన్న మీట ఉంటుంది, దాన్ని నొక్కి పట్టుకుంటే ఆర్మ్‌రెస్ట్ పైకి లేస్తుంది. మోకాళ్ళు వంగనివారు పక్కకు తిరిగి, రెండు పాదాలూ నడవలో ఆనించి లేవడానికి అది ఎంతో సాయపడుతుంది. విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ మాత్రం దించేసి ఉంచాలి.