మందుపాతరలు తీసే ప్రాజెక్టుల్లో ముందు దేనికి డబ్బివ్వాలి?

మేం కొద్దిమందిమి విరాళాలు పోగుచేసి మందుపాతరలు తీసే పనికి ఇవ్వాలనుకుంటున్నాం. మూడు ప్రతిపాదనలు వచ్చాయి. వాటిని పోల్చి చెప్పే పని నా మీద పడింది. తప్పు ఎంచుకుంటానేమోనని టెన్షన్‌గా ఉంది. ఈ రంగంలో పనిచేసినవాళ్లు కాస్త దారి చూపించండి.

మూడింటిలోనూ 'ఇన్ని చదరపు మీటర్లు శుభ్రం చేస్తాం' అన్న లెక్కే ముందుంది. నాకు ఆ లెక్క మీద గురి కుదరడం లేదు. అసలు పాతరలే లేని నేలలో మోకాళ్ల మీద కూర్చుని, డిటెక్టర్ మోగిన ప్రతిచోటా మట్టి గీకి తుప్పు మేకులు బయటికి తీసినా ఆ విస్తీర్ణం పెరుగుతుంది కదా! ముందు ఊరివాళ్లను అడిగి, పాత ప్రమాదాలు ఎక్కడ జరిగాయో చూసి సర్వే చేస్తే, అనుమానపు భూమిలో చాలా భాగాన్ని తవ్వకుండానే జాబితాలోంచి తీసేయొచ్చట. అయితే సర్వేకి ఎక్కువ ఖర్చు చూపించిన ప్రాజెక్టే మేలా?

ఇంకో చిక్కు. ఒకచోట బావికి వెళ్లే కాలిబాట, మరోచోట ఎవరూ తిరగని సరిహద్దు కొండ. పాతరలు ఎక్కువున్నది కొండ మీదే. నా మనసు బాటవైపే మొగ్గుతోంది. కానీ మనుషుల మీద వాడే మందుపాతరల్ని నిషేధించిన అంతర్జాతీయ ఒప్పందం, అంటే ఒట్టావా ఒప్పందం, 5వ అధికరణ ప్రకారం సభ్యదేశం 10 ఏళ్లలో అన్నీ తీసేయాలి (గడువు పెంచమని అడగొచ్చనుకోండి). మరి కొండను వెనక్కి నెట్టడం సబబేనా?

పని అయ్యాక ఆ నేలలో మళ్లీ సాగు మొదలైందో లేదో తెలుసుకోవడానికి సంస్థల్ని ఏమేం అడగాలో కూడా చెప్పండి.