ఎలైజా అంకె చాలా, ప్లాక్ పరీక్ష చేయాల్సిందేనా?

పాతపిపెట్: టీకా పనిచేసిందని చెప్పడానికి ఎలైజా (రక్తంలో యాంటీబాడీలను కొలిచే పరీక్ష) ఒక్కటే చూపిస్తే నేను నమ్మను. ఎలైజాకు తెలిసేది యాంటీబాడీ అంటుకుందా లేదా అన్నదే. అంటుకున్నవన్నీ వైరస్‌ను ఆపవు. పీఆర్‌ఎన్‌టీలో, అంటే ప్లాక్ పరీక్షలో, సీరమ్‌ను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) పలుచన చేస్తూ వైరస్‌తో కలిపి, వెరో కణాల (ల్యాబులో పెంచే కోతి కిడ్నీ కణాలు) మీద పోస్తాం. ప్లాకులు (వైరస్ కణాలను చంపిన చోట పడే ఖాళీ మచ్చలు) సగానికి తగ్గిన పలుచన స్థాయే టైటర్. ఆపిందో లేదో కళ్లకే కనిపిస్తుంది.

కణపొర: వేల నమూనాలకు ఇదే చేస్తారా? ఒక్కో ప్లేటుకు రోజులు పడుతుంది. ప్లాకుల లెక్క, ఎవరు లెక్కపెట్టారన్నదాన్ని బట్టి మారుతుంది (మన ల్యాబుల్లో ఈ సంగతి ఎవరూ పైకి అనరు). సార్స్‌-కోవ్‌-2 అయితే బీఎస్‌ఎల్‌-3 (కట్టుదిట్టమైన భద్రత ఉన్న ల్యాబ్) కావాలి. సూడోవైరస్‌కు (అసలు వైరస్ పైప్రోటీన్ తొడిగిన, లోపల పెరగలేని నకిలీ వైరస్) అంతకంటే తక్కువ స్థాయి బీఎస్‌ఎల్‌-2 చాలు. హెపటైటిస్‌-బి సంగతేంటి మరి? మిల్లీలీటరుకు 10 మిల్లీ అంతర్జాతీయ యూనిట్లు ఉంటే రక్షణ ఉన్నట్టేనన్న గీత, అంటుకునే పరీక్షతోనే నడుస్తోంది కదా.

పాతపిపెట్: టీకా వేసినవాళ్లను ఏళ్ల తరబడి గమనించాక నిలిచిన గీత అది. కొత్త వైరస్‌కు ఆ చరిత్ర ఎక్కడిదండీ?

సీరమ్‌సందేహి: ఇద్దరూ డెంగ్యూను వదిలేశారు. 2012లో వెలువడిన థాయ్‌లాండ్ ట్రయల్‌లో సీవైడీ అనే డెంగ్యూ టీకా వేసిన పిల్లల్లో డెంగ్యూ-2 (నాలుగు డెంగ్యూ రకాల్లో ఒకటి) మీద న్యూట్రలైజింగ్ (వైరస్‌ను ఆపే) టైటర్లు బాగానే వచ్చాయి. ఆ రకం నుంచి రక్షణ మాత్రం దాదాపు లేదు. పాతపిపెట్ గారూ, అది మీ పీఆర్‌ఎన్‌టీయే! వేరే రకం సోకినప్పుడు పుట్టిన యాంటీబాడీలు కూడా టైటర్‌ను పెంచేస్తాయి. పైగా వెరో కణాలకు ఎఫ్‌సీ గ్రాహకాలు (యాంటీబాడీ తోకను పట్టుకునే ప్రోటీన్లు) లేవు. ఒంట్లో డెంగ్యూ దూరే మోనోసైట్లకు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఉన్నాయి. అక్కడ చాలీచాలని యాంటీబాడీ వైరస్‌ను ఆపకపోగా, దగ్గరుండి లోపలికి తీసుకెళ్తుంది. అంతకుముందు డెంగ్యూ రానివాళ్లలో ఈ టీకా తర్వాత తీవ్రమైన జబ్బు ముప్పు పెరుగుతోందని 2017లో తయారీదారే ప్రకటించింది.

కణపొర: అయితే పరీక్షలే మానేద్దామా?

సీరమ్‌సందేహి: మానమనలేదు. ఇతర రకాలకూ అంటుకునే యాంటీబాడీలను ముందు తీసేసి, మిగిలిన సీరమ్‌తో పీఆర్‌ఎన్‌టీ చేయండి. ఎఫ్‌సీ గ్రాహకాలున్న కణాల్లోనూ నడపండి. ఇంకోటి, ఫ్లూకు చేసే హెచ్‌ఐ పరీక్షలో (వైరస్ ఎర్ర రక్తకణాలను గుంపుకట్టించకుండా యాంటీబాడీ ఆపుతుందా అని చూసేది) టైటర్ 40 దాటితే ఇక భయం లేదని రాస్తుంటారు. పెద్దవాళ్లలో జబ్బు అవకాశం సుమారు సగానికి తగ్గే స్థాయి మాత్రమే అది.

పాతపిపెట్: తీసేయడం వరకు సరే. కణాలు మారిస్తే ల్యాబుకో టైటర్ వస్తుంది. కోవిడ్‌కు 2020 డిసెంబరులో డబ్ల్యూహెచ్‌ఓ ప్రామాణిక ప్లాస్మాను (ల్యాబులన్నీ తమ ఫలితాలను సరిచూసుకునే నమూనా) ఆమోదించాకే అందరికీ ఒకే యూనిట్ దొరికింది. మీ ఎఫ్‌సీ కణాల ఫలితాన్ని దేనితో సరిచూస్తారు?