స్క్రీనింగ్ కొలనోస్కోపీ, మూడు జార్లు: పాథాలజీ క్లెయిమ్‌లో ఏ డయాగ్నోసిస్ కోడ్లు?

ప్రశ్న
అమెరికా క్లయింట్‌కి పాథాలజీ ప్రో-ఫీ (డాక్టర్ సేవకి వేసే బిల్లు) కోడింగ్ చేస్తున్నాం. స్క్రీనింగ్ కొలనోస్కోపీ, 88305 (బయాప్సీ ముక్కని మైక్రోస్కోప్ కింద పరీక్షించినందుకు వేసే కోడ్) మూడు యూనిట్లు. రిక్విజిషన్ (పరీక్ష కోరే ఫారం) మీద జిఐ (జీర్ణకోశ) క్లినిక్ జెడ్12.11 (కోలన్ క్యాన్సర్ స్క్రీనింగ్), డి12.6 (కోలన్‌లో క్యాన్సర్ కాని గడ్డ) రాసింది. ఫైనల్ రిపోర్ట్ ఇలా ఉంది: జార్ ఎ సిగ్మాయిడ్, ట్యూబ్యులర్ అడినోమా, బి రెక్టం, హైపర్‌ప్లాస్టిక్ పాలిప్, సి సీకం అల్సర్, ‘అడినోకార్సినోమా అనుమానం’. రిక్విజిషన్ కోడ్లే వేసేస్తే చాలా? సి జార్‌కి సి18.0 (సీకం క్యాన్సర్) వేయొచ్చా?

జవాబు 1
సి18.0 వద్దండీ. పాథాలజిస్ట్ ప్రొఫెషనల్ బిల్లుకి అవుట్‌పేషెంట్ నియమమే. అనుమానం, సంభావ్యం, ‘కన్సిస్టెంట్ విత్’ అన్న మాటలుంటే ఆ జబ్బు కోడ్ చేయకూడదు. పేషెంట్ ఆసుపత్రిలో అడ్మిట్ అయినా ఇంతే. అనుమానాన్ని ఖాయమైనట్టు కోడ్ చేసే వెసులుబాటు ఆసుపత్రి ఇన్‌పేషెంట్ బిల్లుకి మాత్రమే. క్యాన్సర్ కోడ్ ఒకసారి పేషెంట్ రికార్డులోకి ఎక్కితే తీయించడం చాలా కష్టం. సి జార్‌కి అల్సర్ కోడ్ కె63.3 వేయండి. ఇమ్యునోస్టెయిన్ల (ప్రత్యేక రంగు పరీక్షల) అడెండం (అనుబంధ రిపోర్ట్) రావాల్సి ఉంటే అది వచ్చేదాకా క్లెయిమ్ హోల్డ్‌లో పెట్టడం మేలు.

రిక్విజిషన్‌లోని డి12.6 కూడా పనికిరాదు. అడినోమా అని తేలేది మైక్రోస్కోప్ కింద. క్లినిక్ దాన్ని ముందే రాసింది, పైగా అది చోటు చెప్పని కోడ్. రిపోర్ట్‌లో చోటు ఉంది కాబట్టి ఎ కి డి12.5. బి కి కె62.1, కె63.5 కోలన్ పాలిప్‌కే, రెక్టానికి కాదు.

జవాబు 2
వరుస కూడా చూడండి. వచ్చిన కారణం స్క్రీనింగ్, కాబట్టి జెడ్12.11 ముందు, దొరికినవి తర్వాత. తారుమారైతే ప్రివెంటివ్ కవరేజీ పోయి బిల్లు పేషెంట్ మీద పడొచ్చు. సిఎంఎస్-1500 క్లెయిమ్ ఫారంలో 24ఇ గడిలో లైనుకి 4 పాయింటర్లే (ఆ లైను ఏ డయాగ్నోసిస్ కోడ్లకో చూపే గుర్తులు). మీ నాలుగు కోడ్లు సరిగ్గా పడతాయి. జార్‌కో లైను కావాలనే పేయర్ (ఇన్సూరెన్స్ సంస్థ) అయితే ఏ జార్ కోడ్ ఆ లైనుకే చూపండి.

అల్సర్‌కి ‘ఏదో తేలలేదు’ అని డి37.4 వేయడం చాలాచోట్ల చూస్తుంటాం. ఆ కోడ్ అర్థమైన అన్‌సర్టెన్ బిహేవియర్ (గడ్డ క్యాన్సరో కాదో చెప్పలేని స్థితి) అనేది పాథాలజిస్ట్ స్లయిడ్ చూసి ఇచ్చే నిర్ణయం. రిపోర్ట్‌లో ఆ మాట లేకుంటే డి37 నుంచి డి48 దాకా ఏదీ ముట్టుకోకండి.

జవాబు 3
ఈ పేషెంట్ మళ్లీ సర్వేలెన్స్‌కి (ఫాలో-అప్ కొలనోస్కోపీకి) వస్తే జెడ్12.11తో పాటు జెడ్86.0101 (గతంలో అడినోమా పాలిప్ ఉన్న చరిత్ర) కావాలి. 2024 అక్టోబర్ 1 నుంచి జెడ్86.010 ఒక్కటే వేస్తే చెల్లదు, పాత టెంప్లేట్లు ఉంటే మార్చేయండి.