ఆర్మీ చీఫ్‌గా దిగిపోయినవారు గవర్నర్ పదవి తీసుకోవచ్చా?

తిరుమలగిరి సుబేదార్ కొడుకు:
ఆదివారం మిలిటరీ క్యాంటీన్ వరుసలో నిలబడితే ముందున్న ఇద్దరు పెద్దవాళ్లు ఈ విషయం మీదే గొడవపడుతున్నారు. నా వంతు వచ్చేసరికి కౌంటర్ మూసేశారు, వాళ్ల వాదన మాత్రం తెగలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

తీసుకోకూడదనే నా అభిప్రాయం. జనరల్ కె.వి. కృష్ణారావు గారినే చూడండి. ఉత్తరాంధ్రలో పుట్టారు. 1942లో మహార్ రెజిమెంటులో చేరారు. 1971 యుద్ధంలో సిల్హెట్ వైపు 8వ మౌంటెన్ డివిజన్‌ను నడిపించారు. 1981 నుంచి 1983 జులై దాకా సైన్యాధిపతి. ఇంతవరకు ఎవరైనా చేతులెత్తి నమస్కరించాల్సిందే. కానీ ఏడాది తిరక్కుండానే, 1984 జూన్‌లో, మణిపూర్, నాగాలాండ్, త్రిపుర గవర్నర్ అయ్యారు. ఆయన నిజాయితీని నేను శంకించడం లేదు. రేపు ఆ కుర్చీలో కూర్చునే మరొకరి సంగతి అడుగుతున్నాను. చివరి ఏడాది సర్వీసులో ఉన్న జనరల్ ఢిల్లీ నుంచి వచ్చిన ఫైలు మీద "ఇది కుదరదు" అని రాయాల్సి వస్తే, రాజ్‌భవన్ గుర్తుకు రాదా? రిటైరైన అధికారి ప్రైవేటు కంపెనీలో చేరాలంటే కొంతకాలం దాకా ప్రభుత్వ అనుమతి కావాలి. గవర్నర్‌ను వేసేది ఆ ప్రభుత్వమే కాబట్టి, ఇక్కడ అడ్డు చెప్పేవారే ఉండరు.

బొల్లారం బాటసారి:
మీరు కృష్ణారావు గారి దగ్గర మొదలుపెట్టారు గానీ, ఈ కథ అంతకు పాతికేళ్ల ముందే మన ఊళ్లో మొదలైంది. జనరల్ ఎస్.ఎం. శ్రీనగేశ్ పేరు విన్నారా? ఆయన తండ్రి డాక్టర్ మల్లన్న నిజాం కొలువులో వైద్యుడు. కొడుకు 19వ హైదరాబాద్ రెజిమెంటులో పనిచేశారు. పేరులో తప్ప ఆ రెజిమెంటుకు హైదరాబాద్‌తో అప్పటికే పెద్దగా సంబంధం లేదు. 1945లో ఆ పేరు కూడా పోయి కుమావ్ రెజిమెంటు అయింది. 1955 నుంచి 1957 దాకా సైన్యాధిపతిగా ఉండి, తర్వాత ఇక్కడికే వచ్చి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. అదే, బెల్లా విస్టాలో ఉన్న కాలేజీ. అక్కడి నుంచి రాజ్‌భవన్‌కు నడిచి వెళ్లవచ్చు, రెండూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి. ఆయన మాత్రం అస్సాం చుట్టి వెళ్లారు. 1959లో అక్కడ గవర్నర్, 1962 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ గవర్నర్. 1964 మే దాకా ఇక్కడే ఉన్నారు.

ఆయన హయాంలో మిలిటరీ పాలన వచ్చిందని ఎవరైనా అన్నారా? నీలం సంజీవరెడ్డి మంత్రివర్గం పంపింది సంతకం చేశారు, అంతే.

యాప్రాల్ అమ్మమ్మ:
బాబూ, సుబేదార్ గారి అబ్బాయీ, మా ఆయన కూడా ఇరవై ఎనిమిదేళ్లు మిలిటరీలో చేశారు. పదవి అంటే మీకు కుర్చీ కనిపిస్తోంది, నాకు కుర్చీ కింద పెట్టే బాంబు కనిపిస్తోంది. కృష్ణారావు గారు 1993లో రెండోసారి జమ్మూ కశ్మీర్ వెళ్లినప్పుడు ఆ ఉద్యోగం కోసం ఢిల్లీలో ఎవరూ బారులు తీరలేదు. ఆ ఏడాదే శ్రీనగర్‌లో మిలిటెంట్లు చేరిన హజ్రత్‌బల్ దర్గాను సైన్యం ముట్టడించింది. 1995 జనవరి 26న జమ్మూ స్టేడియంలో ఆయన ప్రసంగిస్తుండగా బాంబులు పేలాయి. చుట్టూ మనుషులు చనిపోయారు, ఆయన బతికారు. ఆ మేలోనే చరారె షరీఫ్ దర్గా కాలిపోయింది. అయినా వదిలి రాలేదు. 1996లో ఎన్నికలు జరిగాయి, ఫరూక్ అబ్దుల్లా ముఖ్యమంత్రి అయ్యారు. ఈయన 1998 దాకా ఉన్నారు. అప్పటికి డెబ్బై అయిదేళ్లకు దగ్గరపడ్డారు. దీన్ని బహుమతి అంటారా?

పాతబస్తీ లెక్చరర్:
అమ్మమ్మ గారి మాట కాదనను. కానీ హైదరాబాద్‌లో కూర్చుని ఈ చర్చ చేస్తూ 1948 ఊసెత్తకపోవడం నాకు వింతగా ఉంది. సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది. 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయింది ఎవరికి? మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి. ఆ చౌధురే మిలిటరీ గవర్నర్‌గా 1949 డిసెంబరు దాకా మనల్ని పాలించారు. ఆ పాలనలోనే 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి, అది పెద్ద పనే. ఆ పాలనలోనే తెలంగాణ పల్లెల మీదికి సైన్యం వెళ్లింది. ముస్లింలపై జరిగిన హింసను విచారించడానికి సుందర్‌లాల్ కమిటీ వచ్చింది కూడా అప్పుడే. మంచిని ఒక ఇంట్లో, చెడును పక్క ఇంట్లో గుర్తుపెట్టుకున్న ఊరు ఇది. చౌధురి తర్వాత 1962లో సైన్యాధిపతి కూడా అయ్యారు.

యూనిఫాం తీసేసినా జనానికి అది కనిపిస్తూనే ఉంటుంది. ఇంఫాల్‌లోనో శ్రీనగర్‌లోనో మాజీ చీఫ్‌ను రాజ్‌భవన్‌లో చూసిన మామూలు మనిషికి ఢిల్లీ ఏమి చెబుతున్నట్టు అనిపిస్తుందో ఒకసారి ఆలోచించండి.

బొల్లారం బాటసారి:
సార్, రెండిటినీ కలిపేస్తున్నారు. చౌధురి సర్వీసులో ఉండి పాలించారు, శాసనాధికారం ఆయన చేతిలోనే ఉంది. శ్రీనగేశ్ మాజీ, పైగా ఎన్నికైన మంత్రివర్గం కింద సంతకాల గవర్నర్. కశ్మీర్‌లో కృష్ణారావు గారిది ఈ రెంటికీ మధ్య స్థితి. 1996 అక్టోబరు దాకా అక్కడ ముఖ్యమంత్రే లేరు కాబట్టి గవర్నరే ప్రభుత్వం. అసలు అడగాల్సింది జనరల్ ఎవరని కాదు, ఆ రాష్ట్రంలో శాసనసభ ఉందా అని.

యాప్రాల్ అమ్మమ్మ:
శాసనసభ లేని చోటికే కదా ఆయన్ను పంపింది! అన్నీ సవ్యంగా ఉంటే ఎవరో ఓడిపోయిన ఎంపీని వేసేవారు.

పాతబస్తీ లెక్చరర్:
ఓడిపోయిన ఎంపీ మీద నాకూ మోజు లేదులెండి. నిన్న మొన్నటి దాకా రాజకీయాల్లో ఉన్నవారిని గవర్నర్లుగా వేయవద్దని కేంద్ర, రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా కమిషన్ 1988లోనే చెప్పింది, ఎవరు విన్నారు గనక.

నాచారం నడకరి:
ఇన్ని మాటలు అయ్యాయి, లెఫ్టినెంట్ జనరల్ ఎస్.కె. సిన్హా పేరు రాలేదు. కృష్ణారావు గారు దిగిపోయినప్పుడు వరుస ప్రకారం చీఫ్ కావలసినవారు ఆయనే. ప్రభుత్వం ఆయన్ను పక్కనపెట్టి జనరల్ ఎ.ఎస్. వైద్య గారిని చీఫ్‌ను చేసింది. సిన్హా రాజీనామా చేసి ఇంటికి వెళ్లిపోయారు. ఆయనే 1997లో అస్సాం గవర్నర్, 2003లో జమ్మూ కశ్మీర్ గవర్నర్. ఢిల్లీకి నచ్చినవారికే రాజ్‌భవన్ దక్కుతుందన్న సుబేదార్ కొడుకు గారి లెక్క ఇక్కడ సరిపోదు.

తిరుమలగిరి సుబేదార్ కొడుకు:
ఆయన్ను కాదన్న ప్రభుత్వం వేరు, గవర్నర్‌ను చేసిన ప్రభుత్వాలు వేరు. మధ్యలో పద్నాలుగేళ్లు గడిచాయి. నేను అడుగుతున్నదీ ఆ ఎడం గురించే. పద్నాలుగేళ్లు అక్కర్లేదు, రెండేళ్లు చాలు. ఆ లోపల గవర్నర్ పదవి, రాయబారి పదవి ఏదీ ఇవ్వకూడదని రాసిపెడితే సరి.

బొల్లారం బాటసారి:
అయితే శ్రీనగేశ్ మీ పరీక్షలో పాసయ్యారు. 1957 మేలో రిటైరై, 1959 అక్టోబరులో గవర్నర్ అయ్యారు.

యాప్రాల్ అమ్మమ్మ:
కృష్ణారావు గారు కశ్మీర్ వెళ్లింది 1989లో ఒకసారి, 1993లో ఒకసారి. ఆ రెండూ పాసే.

తిరుమలగిరి సుబేదార్ కొడుకు:
ఒప్పుకుంటున్నానండీ. ఇంక నా దగ్గర మిగిలింది 1984 జూన్ ఒక్కటే. దాన్ని మాత్రం వదలను.