డాక్యుమెంటరీలోనూ యానిమేలోనూ వివరించే గొంతు ఎంతవరకు అవసరం?

ప్రశ్న – తెరముందు

కొంతకాలంగా తీరిక దొరికినప్పుడల్లా డాక్యుమెంటరీలు, యానిమే అనే జపాన్ బొమ్మల చిత్రాలు, అప్పుడప్పుడు ఏదో ఒక విదేశీ సీరియల్ చూస్తూ వస్తున్నాను. వాటిలో కొన్ని, చూసి వారాలు గడిచినా మనసులోంచి పోలేదు. ఎంతో పేరు తెచ్చుకున్నవి మరికొన్ని మర్నాటికే చెరిగిపోయాయి. కారణం ఏమిటా అని ఆలోచిస్తే నాకు ఒక్కటే తట్టింది. నిలిచిపోయినవి ప్రేక్షకుడికి కొంత చెప్పకుండా వదిలిపెట్టినవి. చెరిగిపోయినవి ప్రతి దృశ్యం పక్కనా నిలబడి దాని అర్థం తామే చెప్పినవి.

షౌనక్ సేన్ 2022లో తీసిన ‘ఆల్ దట్ బ్రీత్స్’ నన్ను ఈ ఆలోచనలోకి దింపింది. ఢిల్లీలోని వజీరాబాద్‌లో నదీమ్, సౌద్ అనే అన్నదమ్ములు, గాయపడి ఆకాశం నుంచి రాలిపడే నల్ల గద్దలను తెచ్చి, సబ్బునీటి డబ్బాలు తయారుచేసే తమ నేలమాళిగలోనే వైద్యం చేస్తూ ఉంటారు. గద్ద మాంసం తింటుంది కాబట్టి దానికి చికిత్స చేయబోమని పక్షుల ఆసుపత్రి ఒకటి తిప్పి పంపడంతో ఈ పని మొదలైంది. చిత్రం మాత్రం వారితో మొదలు కాదు. రాత్రిపూట ఒక ఖాళీ స్థలంలో ఎలుకలు గుంపులు గుంపులుగా తిరుగుతూ ఉంటే కెమెరా నేలకు దగ్గరగా, ఏ తొందరా లేకుండా కదులుతూ ఉంటుంది. ఇది ఏ ఊరో, ఈ ఎలుకలు ఎందుకో చెప్పే వ్యాఖ్యాత లేడు. నగరంలో పెరుగుతున్న భయం, పౌరసత్వ చట్టంపై నిరసనలు, 2020 నాటి అల్లర్లు, అన్నీ కిటికీ అవతల వినిపించే శబ్దాలుగానో, ఫోన్‌లో సగం విన్న మాటలుగానో వచ్చి వెళతాయి. అదే సంవత్సరం సండాన్స్, కాన్ చలనచిత్రోత్సవాల్లో ఈ చిత్రం డాక్యుమెంటరీ పురస్కారాలు పొందింది. పురస్కారాల సంగతి అటుంచి, దీన్ని చూసిన తరువాత మా ఇంటిపై తిరిగే గద్దను నేను తలెత్తి చూడడం మొదలుపెట్టాను.

జపాన్ యానిమే దర్శకుడు హయావో మియజాకి 2023లో తీసిన ‘ది బాయ్ అండ్ ది హెరాన్’ విషయంలోనూ ఇదే అనుభవం కలిగింది. యుద్ధకాలంలో ఆసుపత్రి మంటల్లో తల్లిని పోగొట్టుకున్న మహితో అనే పిల్లవాడు, కొత్త ఊరి బడిలో తగవుపడి ఇంటికి వస్తూ, దారిలో ఒక రాయి తీసుకొని తన తలను తానే పగలగొట్టుకుంటాడు. ఎందుకు చేశాడో ఆ పిల్లవాడూ చెప్పడు, చిత్రమూ చెప్పదు. దాదాపు చిత్రమంతా గడిచాక, ఆ మచ్చ తనలోని చెడుకు గుర్తు అని వాడే ఒప్పుకుంటాడు. అంతసేపు మోయనిచ్చారు కాబట్టే ఆ ఒక్క మాట అంత బరువుగా తగిలిందని నా నమ్మకం. ఒక్కో భాగాన్ని ఒకే షాట్‌లో తీసిన బ్రిటిష్ సీరియల్ ‘అడాలెసెన్స్’ మూడో భాగంలో, హత్యానేరం మోపబడిన పదమూడేళ్ల కుర్రవాడు, ఒక మనస్తత్వ నిపుణురాలు ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుంటారు. అక్కడ కూడా నేను మాటలకన్నా ఆమె చేతులనే చూస్తూ ఉండిపోయాను.

ఇక అసలు సందేహం. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ అనే యానిమేను థియేటర్‌లో తెలుగు డబ్బింగ్‌లో చూశాను. బొమ్మల పనితనం అద్భుతం. అయినా కత్తి ఎత్తిన ప్రతి పాత్రా తాను ఏమి చేయబోతున్నదీ, ఎదుటివాడు ఎందుకు బలవంతుడో, తన భయం ఎలాంటిదో మనసులో అనుకుంటూనే ఉంటుంది. రెండున్నర గంటలకు పైగా సాగే చిత్రంలో అది నన్ను అలసటకు గురిచేసింది. వివరించే గొంతు కళను పలచన చేస్తుందన్న నా అభిప్రాయం సరైనదేనా, లేక నాకు అలవాటైన పద్ధతినే గొప్పదనుకుంటున్నానా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం – పద్యప్రియ

తెరముందు గారికి నమస్కారం. గద్దల చిత్రం గురించి మీరు రాసినదానితో నాకు పేచీ లేదు. కానీ ‘ఇన్ఫినిటీ కాజిల్’ను అదే కొలతతో కొలవడం న్యాయం కాదని మనవి చేస్తున్నాను.

నేను పౌరాణిక పద్యనాటకాలు చూస్తూ పెరిగినవాడిని. మా ఊరి తిరునాళ్లలో రాత్రి పది గంటలకు తెర లేస్తే తెల్లవారుజాము దాకా సాగేది. యుద్ధానికి సిద్ధమైన వీరుడు నిలబడి పద్యం ఎత్తుకొని, దాని చివర ఆలాపన చేస్తున్నంతసేపూ ఎదుటివాడు గద భుజాన పెట్టుకొని కదలకుండా వినేవాడు. యుద్ధం ఆగిపోయిందేమిటని ఎవరూ అడగలేదు. జనం ‘వన్స్ మోర్’ అని మళ్లీ పాడించుకున్నారు. ఎందుకంటే అక్కడ కథ ముందుకు నడిచేది గద దెబ్బతో కాదు, ఆ పద్యంలోని కోపంతోనో దుఃఖంతోనో. ఆగ్నేయాస్త్రమనీ వారుణాస్త్రమనీ పేరు చెప్పి సంధించే మన పౌరాణిక సినిమాలు చూసినవారికి, ఆ చిత్రంలోని కథానాయకుడు తంజిరో తన ‘నీటి శ్వాస’ అనే కత్తి విద్యలో ఒక్కో పట్టునూ పేరు పెట్టి పిలవడం పరాయిదిగా అనిపించకూడదు. పైగా ఆ కథ పుట్టింది మాంగాగా, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకంగా. అచ్చులో, బొమ్మ పక్కన మనసులోని మాట రాసి ఉండడం ఆ రూపానికి సహజం. దాన్ని తెరపైకి తెచ్చినప్పుడు ఆ గొంతు కూడా వెంట వచ్చింది.

తంజిరోతో పోరాడే రాక్షసుడు అకజా గతాన్ని చెప్పే ఘట్టాన్ని మీరు మరొకసారి చూడాలని నా కోరిక. జబ్బుపడిన తండ్రి మందుల కోసం దొంగతనం చేసిన పిల్లవాడు, కొడుక్కు భారం కాకూడదని ఉరి వేసుకున్న ఆ తండ్రి, తరువాత చేరదీసిన గురువు, ఆయన రోగిష్టి కూతురు కొయుకి, చివరికి బావిలో కలిపిన విషం. ఇదంతా విన్న తరువాతనే, అకజా తన దెబ్బను తనపైకే తిప్పుకొనే క్షణం మనకు అర్థమవుతుంది. అప్పటిదాకా అన్ని మాటలు విన్నాం కాబట్టే అక్కడి మౌనం వినిపిస్తుంది. నేను చూసిన ఆటలో, అంతవరకు ఈలలు వేస్తున్న కుర్రవాళ్లు ఆ చోట చప్పుడు చేయలేదు.

సమాధానం – యొకొహామా నుంచి

ఉద్యోగరీత్యా తొమ్మిదేళ్లుగా జపాన్‌లో ఉంటున్నాను. మీరు ‘చెప్పకుండా వదిలిపెట్టడం’ అన్నదానికి ఇక్కడ ‘మ’ అనే మాట ఉంది. రెండింటి మధ్య ఉండే ఖాళీ అని దాని అర్థం. మన ‘ఎడం’ అన్నమాట దానికి దగ్గరగా వస్తుంది. 2002లో అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్‌తో మాట్లాడుతూ మియజాకి మూడు నాలుగు సార్లు చప్పట్లు కొట్టి, ఆ చప్పట్ల మధ్య ఉన్న సమయమే ‘మ’ అని చెప్పారు. ‘ది బాయ్ అండ్ ది హెరాన్’ను జపాన్‌లో విడుదల చేసినప్పుడు ట్రైలర్ కూడా లేదు, ఒక్క పోస్టర్ మాత్రమే. ఏమి చూడబోతున్నామో తెలియకుండా థియేటర్‌లో కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

అయితే మౌనం కన్నా ముఖ్యమైన ఒక మాట ఆ చిత్రంలో ఉంది; సబ్‌టైటిళ్లలో దాని బలం చాలావరకు జారిపోతుంది. మహితో తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నది చనిపోయిన భార్య చెల్లెలు నాత్సుకోనే. పిల్లవాడు ఆమెను ‘నాత్సుకో సాన్’ అని, అంటే ‘నాత్సుకో గారు’ అని మర్యాదగా, దూరంగా పిలుస్తాడు. ఆమె ఎవరని అడిగితే నాన్న ఇష్టపడే మనిషి అంటాడు. చివరికి, గర్భవతి అయిన ఆమె ఉన్న పురిటి గదిలో, తెల్లని కాగితపు పేలికలు సుడిగాలిలా తిరుగుతూ ఉండగా, నువ్వంటే నాకు అసహ్యం, వెళ్లిపో అని ఆమె అరుస్తుంది. అప్పుడు ఆ పిల్లవాడి నోట ‘నాత్సుకో కాసాన్’ అని వస్తుంది. ‘కాసాన్’ అంటే అమ్మ. మీరు చెప్పిన మచ్చ ఒప్పుకోలుకన్నా నాకు ఈ పిలుపే చిత్రానికి గుండెకాయ. ఇది వివరణ కాదు, మౌనమూ కాదు. పిలిచే తీరు మారడం, అంతే.

సమాధానం – అమ్మతో కలిసి

మా అమ్మగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఆవిడ చదువుకోలేదు. సబ్‌టైటిళ్లతో చూసే చిత్రం ఏదైనా ఆవిడకు సగమే అందుతుంది. అందువల్ల వివరించే గొంతు వద్దనే ముందు, ఆ గొంతు తప్ప మరో దారి లేని ప్రేక్షకులు ఉన్నారని గుర్తు చేయాలనిపించింది.

జపాన్ దర్శకుడు యుగో సాకో, మన రామ్ మోహన్ కలిసి మూడు దశాబ్దాల కిందట చేసిన రామాయణం యానిమే 2025 జనవరిలో తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకు వచ్చినప్పుడు అమ్మను తీసుకువెళ్లాను. సాకోకు రామాయణం పరిచయమైంది రామాయణ స్థలాల తవ్వకాలపై డాక్యుమెంటరీ తీస్తున్నప్పుడు. రాముడి దైవత్వాన్ని మనిషి నటించి చూపడం కన్నా బొమ్మల్లో చూపడమే తగినదని ఆయన భావించారు. రాముడంటే ఎన్టీ రామారావు గారి ముఖమే తలచుకొనే తరానికి ఇది ఒప్పుకోవడం కష్టమని నేను అనుకున్నాను. అమ్మ మాత్రం మొదటి పది నిమిషాలకే ఆ రాముడిని స్వీకరించింది. కుంభకర్ణుడిని నిద్ర లేపే ఘట్టంలో చిన్నపిల్లలా నవ్వింది.

మరొక సంగతి. 2023లో ఆస్కార్ పొందిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ను ఇంట్లో చూస్తూ, ముదుమలైలో ఏనుగు పిల్లలను పెంచిన బొమ్మన్, బెల్లీ దంపతుల మాటలను నేను ఎప్పటికప్పుడు తెలుగులో చెబుతూ వచ్చాను. ఆ చిత్రంలోనూ గొంతు ఉంది, కాని అది ఎక్కడో స్టూడియోలో కూర్చున్న వ్యాఖ్యాతది కాదు, ఆ ఇద్దరిదే. పెంచిన ఏనుగు పిల్ల రఘును వారి దగ్గరనుంచి తీసుకువెళ్లిపోయే చోట అమ్మ నా చేయి పట్టుకొని, ‘నువ్వు కాసేపు చెప్పకు, ఆవిడ ముఖం చూడనీ’ అన్నది.

తెరముందు (ప్రశ్న అడిగినవారు)

ముగ్గురికీ ధన్యవాదాలు. అమ్మగారి మాట చదివిన తరువాత నా ప్రశ్నను నేనే సరిగా అడగలేదని అర్థమైంది. ‘ఆల్ దట్ బ్రీత్స్’లో వ్యాఖ్యాత లేడని రాశాను గాని, ఆ అన్నదమ్ముల గొంతులు దృశ్యాల మీదుగా అక్కడక్కడా వినిపిస్తూనే ఉంటాయి, గద్దలకు మాంసం వేస్తే పుణ్యమన్న నమ్మకం మనకు తెలిసేది ఆ గొంతుల వల్లనే. అవి నాకు అడ్డు రాలేదు, ఎందుకంటే వారు తమ బతుకు చెబుతున్నారే గాని, నేను దాన్ని ఎలా చూడాలో చెప్పడం లేదు. నాకు అసహనం కలిగించేవి టీవీ ప్రకృతి కార్యక్రమాల్లో, జింక కళ్లలో భయం కనిపిస్తూ ఉండగానే జింక భయపడుతోందని చెప్పి, దానికి తోడు వయొలిన్లు మోగించే పద్ధతులు. ఆ అభ్యంతరాన్ని మాత్రం వదులుకోలేను.

పద్యప్రియ గారు చెప్పినట్టు అకజా ఘట్టాన్ని మళ్లీ చూస్తాను. పద్యనాటకంతో పోలిక నాకు తట్టనే లేదు. అయితే ఒక తేడా ఉందనిపిస్తోంది: పద్యం వినడానికే బాగుంటుంది, అర్థం తెలియకపోయినా బాగుంటుంది. మనసులో అనుకొనే వచనానికి ఆ వసతి లేదు.

యొకొహామా వారిని ఒక మాట అడగాలి. ‘నాత్సుకో కాసాన్’ను తెలుగులో పలికించవలసి వస్తే మీరు ఏమి రాస్తారు? తల్లి చెల్లెలు, తండ్రి రెండో భార్య, ఇద్దరికీ మనకు ‘పిన్ని’ ఉంది కదా.

సమాధానం – యొకొహామా నుంచి

మీరు అడగకముందు నేనూ ‘పిన్ని’ అనే అనుకున్నాను. ఆ రెండు బంధుత్వాలనూ ఒకే మాటలో ఇముడ్చుకున్న భాష మనది అని గర్వంగా కూడా అనిపించింది. కాని నిన్న రాత్రి ఆ దృశ్యాన్ని మళ్లీ చూసి మనసు మార్చుకున్నాను. ‘పిన్ని’ అంటే అప్పటికే చనువు వచ్చేసినట్టు. మొదటి నుంచీ అలా పిలిపిస్తే ఆ పిల్లవాడు పట్టుదలగా నిలుపుకొన్న దూరం పోతుంది. చివర మాత్రమే పిలిపిస్తే, అమ్మ స్థానం ఇవ్వకుండా తప్పించుకున్నట్టు ఉంటుంది. కాబట్టి మొదట ‘నాత్సుకో గారు’ అనే ఉంచుతాను. చిత్రంలో ఇంకెవరి చేతా ఆమెను పిన్ని అనిపించను. పురిటి గదిలో ఒక్కసారి ‘నాత్సుకో అమ్మా’ అంటాడు. నోటి కదలికకు ఆ దీర్ఘం కూడా సరిపోతుంది.