ఎల్తమ్ ఆగ్నెస్ కన్నతల్లి ఎవరు?

ఇంగ్లండ్‌ను ఏలిన ట్యూడర్ రాజుల కాలపు (1485–1603) పత్రాలు చదివినవారు దయచేసి సాయం చేయండి. డార్ట్‌ఫర్డ్ కన్యకామఠంలో పెరిగిన ఆగ్నెస్ అనే అనాథ, అక్కడి సన్యాసిని బ్రిడ్జెట్ కన్నబిడ్డేనని కొందరంటారు. బ్రిడ్జెట్ నాలుగో ఎడ్వర్డ్ రాజు కడగొట్టు కూతురు. 1480లో ఎల్తమ్ రాజభవనంలో పుట్టింది. అందుకే ‘ఎల్తమ్ ఆగ్నెస్’ అన్న పేరు వింటే నాకూ అనుమానం కలుగుతుంది.

పాప పోషణకు బ్రిడ్జెట్ అక్క, ఏడో హెన్రీ రాజు భార్య అయిన ఎలిజబెత్ రాణి డబ్బు పంపేదని కూడా అంటారు. రాణి సొంత ఖర్చుల లెక్క అచ్చులో చూశాను. 1502లో డార్ట్‌ఫర్డ్ మఠాధిపతికి 66 షిల్లింగుల 8 పెన్నీలు ముట్టాయి. కానీ ఆ పద్దు లేడీ బ్రిడ్జెట్ ఖర్చులకే. అందులో పసిపిల్ల ఊసే లేదు.

ఆగ్నెస్ పేరున్న ఆనాటి పత్రం ఎవరైనా చూశారా? లండన్‌లో ఉన్న తెలుగువారెవరైనా అక్కడి క్యూ (Kew) అనే ప్రాంతంలోని జాతీయ అభిలేఖాగారంలో వెతికిపెట్టగలరా? ఒక సన్యాసిని మీద ఇంత మాట వేయడానికి ఒక్క కాగితమైనా ఉండాలి కదా!